గంగారత్నం ఆ రోజు ఎక్కడ నిలబడింది?

పోయిన వారం బాస్కెట్ బాల్ జట్టు కెప్టెను ఉమాకుమారిని మనం హాస్టలు వరండాలో, చేతిలో ఉత్తరంతో వదిలేసి వచ్చాం. రెండు వాక్యాల ఉత్తరం అది. "నేనింక బంతి ముట్టుకోను. జట్టులోంచి నా పేరు తీసెయ్యండి." కింద గంగారత్నం సంతకం. ఏలూరు స్త్రీల కాలేజీ వేసవి సెలవుల తర్వాత తెరిచి పన్నెండు రోజులైంది. ఈ ఏటి మొదటి ఆట తాడేపల్లిగూడెంలో, రాజమండ్రి జట్టుతో. దానికి మూడు వారాలే గడువు. జట్టుకి ప్రాణంలాంటి పిల్ల కొల్లేటి లంకలో కూర్చుని రానంటోంది.

ఆట తెలియనివాళ్ళకి ఇక్కడొక మాట చెప్పాలి. అది 1936. ఆ రోజుల్లో బాస్కెట్ బాల్‌లో ఎవరు బుట్ట వేసినా బంతి మళ్ళీ నడి గీత దగ్గరికి రావలసిందే. అంపైరు బంతిని పైకి ఎగరేసేవాడు. రెండు పక్షాల నుంచీ ఒక్కొక్కరు ఎగిరి దాన్ని తట్టాలి. ఎవరి చెయ్యి ముందు తగిలితే బంతి వాళ్ళ జట్టుకి. అందుకని జట్టులో పొడుగ్గా ఉండి బాగా ఎగరగలిగిన మనిషి ఒకరుంటే సగం ఆట చేతికొచ్చినట్టే. అలా ఎగరడంలో గంగారత్నానికి సాటి వచ్చే పిల్ల రెండు గోదావరి జిల్లాల్లోనూ లేదు.

అయినా కిందటి జనవరిలో తమ కాలేజీ మైదానంలోనే రాజమండ్రి చేతిలో ఒక్క పాయింటుతో ఓడిపోయారు. "ఆఖరి నిమిషంలో గంగారత్నం బెదిరిపోయి పక్కకి తప్పుకుంది, బంతి ఇద్దామంటే చోటులో లేదు" అని కాలేజీ అంతా చెప్పుకున్నారు. కాలేజీ కమిటీ సెక్రటరీ చలపతిరావుగారు మొన్న మైదానం చూడడానికి వచ్చి, "ఈ ఏడు కూడా ఇంతేనైతే ఆ బుట్టల స్తంభాలు పీకించి వంకాయ మడులు వేయిస్తానండి" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నవ్వుతూ అన్నమాట నెరవేర్చడం ఆయనకి అలవాటు.

ఉత్తరం చదివిన సలోమి టీచరు ఎక్కువ మాట్లాడలేదు. ఏలూరు చర్చి బడిలో పాఠాలు చెప్పే ఏలీయాగారి అమ్మాయి ఆవిడ. మద్రాసులో ఏడాదిపాటు డ్రిల్లు నేర్చుకుని, ఒక ఈల, ఒక తోలు బంతి, బోలెడంత మొండితనం పట్టుకుని తిరిగొచ్చింది. అప్పటికి ఏలూరులో బాస్కెట్ బాల్ అనే మాట విన్నవాళ్ళు పదిమంది లేరు. ఇనప చువ్వని కమ్మరిచేత గుండ్రంగా వంపించి, స్తంభాలు తనే దగ్గరుండి పాతించి, పావడా ఓణీలు నడుముకి బిగించి పరిగెత్తడం ఆడపిల్లలకి నేర్పించింది.

"ఉత్తరానికి ఉత్తరం రాస్తే రాదు, ఉమా. మనిషి వెళ్ళాలి. ఆదివారం నువ్వూ నేనూ వెళ్దాం."

"అలాగేనండి" అంది ఉమాకుమారి. ఆ ఒక్కమాట అంటూ ఆమె ఉత్తరాన్ని ఎందుకంత చిన్నగా మడిచేసిందో టీచరుగారికి తెలియదు.

*

తెల్లారకముందే జట్కా ఎక్కారు. ఊరు దాటి చేల మధ్య గతుకుల బాటలో దక్షిణానికి వెళ్ళగా వెళ్ళగా, పొద్దు బారెడెక్కేసరికి కొల్లేటి అంచు వచ్చింది. నాలుగు వానలు పడ్డాయేమో నీరు అప్పుడే పైకి లేస్తోంది. కంటికి ఆనినంత మేర కిక్కిస గడ్డి, మధ్యలో నీటి దారులు, దూరంగా తెల్లటి గుట్టల్లా కూర్చున్న గూడకొంగలు. గట్టున తాటిదోనె దగ్గర ముప్ఫయ్యేళ్ళ మనిషి గెడ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"గూడలంక వెళ్ళాలండి. తాయారమ్మగారింటికి" అంది సలోమి టీచరు.

అతను తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. "మా గంగ కోసమాండి? నేను దాని మేనమామనండి. సత్తిబాబంటారు. జాగర్తగా కూర్చోండమ్మా, దోనె కదిలితే కంగారు పడకండి."

దోనె గడ్డి మధ్య నుంచి మెల్లిగా సాగింది. సత్తిబాబు మాటలమనిషి. ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టాడు.

"మొన్న వైశాఖంలో గాలివాన రాలేదాండీ? ఆ రోజు మండవల్లి వైపు నుంచి ఆడకూలీలు ఏడుగురు పడవలో వస్తన్నారు. నడి కొల్లేట్లో పడవ తిరగబడిపోయింది. గట్టు మీద మగాళ్ళం పదిమందిమి ఉన్నామండి. అలలు చూసి ఒక్కడికీ కాలు కదల్లేదు. మా గంగ ఒక్కర్తే దోనె తోసుకుని పోయింది. రెండుసార్లు తిరిగిందండి. ఏడుగుర్నీ ఒడ్డుకి చేర్చింది. చేతులు చూడాలి మీరు, గెడ రాపిడికి బొబ్బలు పోయాయి. 'భయమెయ్యలేదటే?' అనడిగాను. 'వేసింది మావయ్యా. వేస్తే మాత్రం, వాళ్ళు చెయ్యెత్తి పిలుస్తా ఉంటే ఎలా ఊరుకుంటాను?' అంది."

సలోమి టీచరు ఆ మాటకి కళ్ళు పెద్దవి చేసి చూసింది. ఉమాకుమారి మాత్రం నీళ్ళలోకి చూస్తోంది. చెయ్యెత్తి పిలిస్తే. ఆ మాట ఆమె చెవిలో సూదిలా దిగింది.

కిందటి జనవరి ఆట ఆమెకి ప్రతి అడుగూ గుర్తుంది. అవతల పక్షం ఒక్క పాయింటు ముందుంది. నిమిషం కూడా లేదు. బంతి తన చేతిలో ఉంది. బుట్ట కింద కుడివైపున గంగారత్నం ఒంటరిగా నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, "ఉమాకుమారిగారూ!" అని పిలిచింది. దగ్గర్లో అడ్డు వచ్చే పిల్ల ఒక్కతీ లేదు. పుస్తకంలో బొమ్మ గీసినట్టు సరిగ్గా ఎక్కడ నిలబడాలో అక్కడే నిలబడింది. ఉమాకుమారి చూసింది. కళ్ళు కళ్ళు కలిశాయి. మిగతా అందరి చూపూ బంతి మీదే ఉంది, జనం అరుపుల్లో ఆ పిలుపు ఇంకెవరికీ వినపడలేదు. మూడు రోజులుగా సాగుతున్న పోటీల్లో జనం గంగారత్నం పేరే అరుస్తున్నారు. కెప్టెను తను. పండితులు అనంతపద్మనాభంగారి అమ్మాయి, తరగతిలో మొదటి మార్కు. ఆఖరి బుట్ట కూడా ఆ పిల్లదేనా అనిపించింది. అంతే. తనే విసిరింది. బంతి ఇనప చువ్వ అంచుకి తగిలి బయటికి పోయింది.

సాయంకాలం టీచరుగారు అడిగినప్పుడు, "రత్నం అక్కడ లేదండి. పక్కకి వెళ్ళిపోయింది" అంది. ఎందుకన్నదో తెలియదు. మర్నాటికి ఆ మాట కాలేజీ అంతా పాకింది. తర్వాత ఎవరూ ఆమెని మళ్ళీ అడగలేదు. ఎవరూ అడక్కపోవడం ఎంత హాయో, ఎంత నరకమో ఆర్నెల్లపాటు అనుభవించింది.

*

గూడలంకలో తాయారమ్మ ఇల్లు నీటికి ఇరవై అడుగుల్లో ఉంది. తాటాకు కప్పు, ఎర్రమట్టి అలికిన అరుగు. తండ్రి ముత్యాలరావు చేపల తట్టలతో కైకలూరు వెళ్ళాడట. అరుగు మీద కొత్త చాప పరిచి తాయారమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టింది. ఉమాకుమారిని ఒకసారి చూసి, ఏమనుకుందో లోపలికి పోయి రెండు కొబ్బరి బొండాలు తెచ్చింది.

"మా ఇంటి నీళ్ళు మీరు పుచ్చుకోరు కదండీ. బొండంలో నీళ్ళకి దోషం లేదండి" అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే ఉమాకుమారికి తలెత్తబుద్ధి కాలేదు.

"గంగ అదుగో, వస్తందండి" అన్నాడు సత్తిబాబు.

కిక్కిస గడ్డి చీల్చుకుని ఒక పొడవాటి దోనె వచ్చింది. నిండా తుంగ కట్టలు. వెనక కొసన గంగారత్నం నిలబడి ఉంది. గెడ నీళ్ళలో దింపి, ఒళ్ళంతా దాని మీదికి వంచి, మళ్ళీ నిటారుగా లేచేది. వంగినప్పుడు దోనె ముందుకి జారేది. లేచినప్పుడు ఆ పిల్ల ఆకాశంలోకి ఎదిగినట్టుండేది. ఇంత బరువు పడవ కింద చిన్న అల కూడా లేవకుండా గట్టుకి తగిలింది. నడి గీత దగ్గర ఎగిరే ఆ ఎగురు ఎక్కడినుంచి వచ్చిందో ఉమాకుమారికి ఆ క్షణాన అర్థమైంది.

గంగారత్నం వాళ్ళని చూసి గట్టు మీదే ఆగిపోయింది. గెడ చేతిలోనే ఉంది. పావడా అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి.

"నమస్కారమండి టీచరుగారూ" అంది. ఉమాకుమారి వైపు చూడలేదు. "ఉత్తరం అందలేదాండి?"

"అందింది. అందుకే వచ్చాను" అంది సలోమి టీచరు. "రానని రాశావు గానీ, ఎందుకో రాయలేదు."

తాయారమ్మ కూతుర్ని చూసి, టీచర్ని చూసి, చీర చెంగు చేతికి చుట్టుకుంటూ ముందుకొచ్చింది.

"నేనో మాట అడగొచ్చాండి? చదువుకున్నదాన్ని కాదు, తప్పయితే మన్నించండి. మా పిల్ల ఆ ఆటలో దడుచుకుందటండి. సెలవులకి వచ్చినప్పటినుంచీ ఇదే అంటంది. 'నేను దడుచుకున్నానమ్మా, అందరూ చూశారంట, నాకే తెలియలేదు' అని. ఇది నా కడుపున పుట్టిన పిల్లండి. నడి కొల్లేట్లో గాలివానకి దడవని పిల్ల తోలుబంతికి దడిసిందంటే నాకు మనసొప్పటం లేదు. మీరు చెప్పండి, నమ్ముతాను. నిజంగా దడిసిందాండి?"

సలోమి టీచరు ఇబ్బందిగా కదిలింది. "దడిసిందని కాదు తాయారమ్మగారూ. ఉండవలసిన చోటులో లేదని..."

"ఎవరు చూశారండి?"

"నేను అటుపక్క ఉన్నానండి, నాకు కనపడలేదు. మా కెప్టెను చూసింది." టీచరుగారు ఉమాకుమారి వైపు తిరిగింది.

అందరూ తన వైపే చూస్తున్నారు. జట్కాలో వస్తూ ఉమాకుమారి చెప్పవలసిన మాటలు ఒకటికి పదిసార్లు అల్లుకుంది. జట్టు గౌరవం, కాలేజీ గౌరవం, అయిందేదో అయిపోయింది. వాటిలో ఇప్పుడు ఒక్కటీ నోటికి రాలేదు.

"లేదండి" అంది.

"ఏం లేదమ్మా?" అంది తాయారమ్మ.

"మీ అమ్మాయి దడవలేదండి. ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. బుట్ట కింద, కుడివైపు. చేతులెత్తి నన్ను పిలిచింది. నేను చూశాను, విన్నాను. బంతి ఇవ్వలేదు." చేతిలోని బొండం పక్కన పెట్టేసింది. "గెలుపు నా చేత్తో రావాలనుకున్నాను. అందరూ రత్నం పేరే అంటుంటే ఓర్వలేకపోయాను. ఓడిపోయాక, అక్కడ లేదని అబద్ధం చెప్పాను. అదండీ జరిగింది."

ఎక్కడో నీటికోడి అరిచింది. సలోమి టీచరు ముఖం పాలిపోయింది. తాయారమ్మ కూతురి వైపు తిరిగి అరుగు అంచున కూలబడింది.

గంగారత్నం చేతిలోంచి గెడ జారి గట్టు మీద పడింది.

"నేను అక్కడే ఉన్నానా?" అంది, చిన్నపిల్ల అడిగినట్టు.

"అక్కడే ఉన్నావు రత్నం."

"చేతులెత్తానా?"

"రెండు చేతులూ ఎత్తావు."

గంగారత్నం అరచేతులు చూసుకుంది. అప్పుడు మొదటిసారి తల పైకెత్తి ఉమాకుమారి కళ్ళలోకి చూసింది. "ఆర్నెల్లండీ. రోజూ పడుకోబోయే ముందు ఆ నిమిషం తల్చుకునేదాన్ని. నేను అక్కడే ఉన్నట్టే కనపడేది. మళ్ళీ, మీరంతా చదువుకున్నవాళ్ళు, మీరు అబద్ధం చెప్పరు కదా, నేనే దడిసి ఉంటాను, ఆ దడుపులో నాకు తెలియలేదేమో అనుకునేదాన్ని. బంతి ఇవ్వకపోతే ఇవ్వకపోయారండి. ఆటలో ఎవరికైనా ఆశ ఉంటది. కానీ నా కళ్ళని నేనే నమ్ముకోకుండా చేశారు మీరు."

ఉమాకుమారి చేతులు జోడించబోతే గంగారత్నం గబుక్కున ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇక్కడ కాదండి. మా ఇంటివాళ్ళ ముందు, లంకలో చెప్తే ఏం లాభం? ఎక్కడైతే నేను లేనన్నారో అక్కడ చెప్పండి. జట్టంతా వినాలి. అప్పుడు నేను ఆడతానో లేదో అక్కడే చెప్తాను."

"చెప్తాను. రేపే చెప్తాను" అంది ఉమాకుమారి. తర్వాత తాయారమ్మ వైపు తిరిగి, "కాసిని మంచినీళ్ళిస్తారాండి?" అంది.

తాయారమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. లోపలికి వెళ్ళి కంచు గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఉమాకుమారి గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగింది.

తిరుగు దోనెలో నలుగురున్నారు. గంగారత్నం మేనమామ చేతిలోంచి గెడ తీసుకుని తనే తోసింది. హాస్టలు గుమ్మంలో దిగాక సలోమి టీచరు ఉమాకుమారిని పక్కకి పిలిచింది.

"నీ మీద నాకు చాలా కోపంగా ఉంది, ఉమా. అది రేపటికి తగ్గేది కాదు. కానీ ఆ తల్లి అడిగినప్పుడు నువ్వు ఇంకో అబద్ధం చెప్పి ఉంటే నాకు తెలిసేది కాదు. ఆ సంగతి కూడా గుర్తు పెట్టుకుంటాను."

*

సోమవారం నాలుగు గంటలకి ఆటస్థలంలో తొమ్మిదిమంది పోగయ్యారు. తుంపర పడి వెలిసింది. నేల తడిగా, బిగువుగా ఉంది. సైకిలు పంపుతో గాలి కొట్టిన బంతి సలోమి టీచరు చంకలో ఉంది. గంగారత్నాన్ని చూసి పిల్లలు గుసగుసలాడుకున్నారు. ఆమె అందరికీ ఎడంగా, స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

ఉమాకుమారి బుట్ట కింద కుడివైపుకి నడిచి, సరిగ్గా గంగారత్నం ఆ రోజు నిలబడ్డ చోట నిలబడింది. అక్కణ్ణుంచే చెప్పింది. లంకలో చెప్పినట్టే, ఒక్క మాట తగ్గించకుండా.

ముందు లేచింది వెంకటసుబ్బలక్ష్మి. తాడేపల్లిగూడెం పోస్టుమాస్టరుగారి అమ్మాయి, మనసులో మాట దాచుకోవడం తెలియని మనిషి.

"ఆర్నెల్లు ఈ పిల్లని మేమెన్ని మాటలన్నామో నీకు తెలుసా ఉమా? 'చేపల బుట్ట అనుకున్నావా' అని నేనే అన్నాను. నువ్వు పక్కనే ఉండి విన్నావు. నీ అబద్ధం నువ్వొక్కదానివే ఆడలేదు. మా అందరిచేతా ఆడించావు." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గంగారత్నం వైపు తిరిగి, "నన్ను క్షమించు" అని కూర్చుండిపోయింది.

సలోమి టీచరు ఈల మెళ్ళోంచి తీసి చేతిలో పట్టుకుంది. "ఇంక మూడు వారాలుంది. కెప్టెను లేకుండా అభ్యాసం సాగదు. మీరే తేల్చండి. కెప్టెన్ని మార్చాలి అనేవాళ్ళు చెయ్యి ఎత్తండి."

అందరికంటే ముందు లేచిన చెయ్యి ఉమాకుమారిదే.

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెంకటసుబ్బలక్ష్మి చెయ్యి లేచింది. తర్వాత ఇంకోటి. ఇంకోటి. నాలుగు. మిగతా నలుగురూ ఒళ్ళో చేతులు కదపలేదు. ఇంత నిజం నిలబడి చెప్పిన మనిషిని దించెయ్యడానికి వాళ్ళకి మనసు రాలేదు. ఇక మిగిలింది ఒక్క గంగారత్నమే.

ఆమె మెల్లిగా లేచింది. ఓణీ కొంగు నడుముకి చుట్టి దోపుకుంది. చెయ్యి ఎత్తలేదు. నేరుగా సలోమి టీచరు దగ్గరికి నడిచి బంతి కోసం రెండు చేతులూ చాపింది. చాన్నాళ్ళ తర్వాత బంతి ఆ చేతుల్లోకి వచ్చింది. వేళ్ళు దాని చుట్టూ ఒక్కొక్కటే సర్దుకోవడం ఉమాకుమారి చూసింది.

"చెయ్యి ఎత్తడం తేలికేనండి" అంది గంగారత్నం. "అలా ఎత్తితే రేపటినుంచి ఆవిడ నా మొహం చూడలేరు, నేను ఆవిడ మొహం చూడలేను. నాకు ముందు ఒక ఆట కావాలి. ఆవిడా, నేనూ, ఇద్దరమే. ముందు ఐదు బుట్టలు ఎవరు వేస్తే వాళ్ళది గెలుపు. నేను గెలిస్తే, నేనేది చెప్తే అది జరగాలి. ఏం చెప్తానో ఆట అయ్యాకే చెప్తాను."

"రత్నం, ఇది..." అనబోయింది సలోమి టీచరు.

"సరే" అంది ఉమాకుమారి, చెయ్యి దించుతూ. "ఒప్పుకున్నాను. కానీ నువ్వు తగ్గి ఆడకూడదు."

"మీరు కూడానండి."

పిల్లలు గీతల బయటికి జరిగారు. హాస్టలు మేడ మీంచి, వరండాలోంచి తలలు బయటికి వచ్చాయి. ఎవరో పరుగెత్తి వెళ్ళి వంటశాలలో వాళ్ళని కూడా పిలిచారు.

ఇద్దరూ నడి గీతకి చెరో పక్కా నిలబడ్డారు. రెండేళ్ళుగా గంగారత్నం ఎగరడాన్ని ఉమాకుమారి వెనకనుంచే చూస్తూ వచ్చింది. ఎదురుగా నిలబడటం ఇదే మొదటిసారి. ఆ పిల్ల మోకాళ్ళు ఒక్క వేలెడు వంగాయి. చూపు బంతి మీద లేదు, బంతి ఎక్కడికి లేస్తుందో ఆ ఖాళీ ఆకాశం మీద ఉంది. ఇన్నాళ్ళూ అవతలి జట్టు పిల్లలు ఎందుకు తడబడేవారో ఉమాకుమారికి ఇప్పుడు తెలిసింది. భయం వేసింది. ఆ భయం కింద, ఎన్నాళ్ళుగానో లేని ఒక సంతోషం కూడా కదిలింది.

సలోమి టీచరు ఈల ఊదింది. బంతి లేచింది. ఇద్దరి పాదాలూ తడి నేలని వదిలాయి. (సశేషం)